అప్‌డేట్: ఉద్యోగం మానకుండానే ఎంబీఏలో చేరాను

ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా ఉంటూ లీడర్‌షిప్, ఆర్గనైజేషనల్ మేనేజ్‌మెంట్ చదవడం దండగా అని ఇంతకుముందు ఇక్కడ అడిగింది నేనే. చాలామంది దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నో అన్నారు, అందులోనే చేరాను. కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా నాలుగేళ్లలో ముగించొచ్చు. సెలవులు దొరకని నాలాంటి వాళ్లకు అదే పెద్ద ఊరట. అసైన్‌మెంట్లకు 30 శాతం, పరీక్షలకు 70 శాతం మార్కులు.

"థియరీ చదివితే మనుషులు మాట వింటారా?" అని ఒక అన్నయ్య వెక్కిరించారు కదా. వినరు. కానీ ఎందుకు వినట్లేదో కొంచెం అర్థమవుతోంది. 1959లో అమెరికన్ మనస్తత్వవేత్త హెర్జ్‌బర్గ్ చెప్పింది చూడండి: జీతం, పని పరిస్థితులు బాగోకపోతే అసంతృప్తి పుడుతుంది, బాగున్నంత మాత్రాన ఉత్సాహం రాదు. అది గుర్తింపు, బాధ్యత, పనిలో ఎదుగుదల వల్ల వస్తుంది. మా షిఫ్టులో ఓవర్‌టైమ్ రేటు పెంచినా గొణుగుడు తగ్గలేదు. మెషీన్ చెకింగ్ పూర్తిగా సీనియర్ ఆపరేటర్లకే వదిలేశాక వాళ్ల తీరు మారింది. కొత్త కుర్రాళ్లకు మాత్రం ఇప్పటికీ పక్కనుండి చెప్పాల్సిందే. హెర్సీ, బ్లాంచర్డ్‌ల సిట్యుయేషనల్ లీడర్‌షిప్ చెప్పేదీ ఇదే: మనిషి అనుభవాన్ని బట్టి నడిపించే తీరు మార్చాలని.

అన్నీ నమ్మేశానని కాదు. షికాగో దగ్గర హాథార్న్ ప్లాంట్‌లో చేసిన ప్రయోగాల్లో వెలుతురు పెంచినా తగ్గించినా, తమను గమనిస్తున్నారన్న స్పృహతోనే ఉత్పత్తి పెరిగిందనే కథ అందరూ చెబుతారు. తర్వాత ఆ లెక్కలు మళ్లీ చూసిన ఆర్థికవేత్తలకు అంత స్పష్టంగా ఏమీ కనిపించలేదు. పరీక్షలో రాస్తాను, అంతే!

హెచ్‌ఆర్ (ఉద్యోగుల వ్యవహారాలు) స్పెషలైజేషన్‌గా తీసుకోమన్న అక్కకు: ఆపరేషన్స్ (ఉత్పత్తి నిర్వహణ) వైపే వెళ్తున్నానండి. మా ప్లాంట్‌లో ప్రమోషన్ దారి అటే ఉంది.