గాలిమరా, గాలి తిరగలా?

ప్రశ్న: పిండి పట్టే పాతకాలపు విండ్‌మిల్లుల మీద వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. ‘గాలిమర’ అంటే రామగిరి కొండల మీద కరెంటు తీసేవే అనుకుంటారేమో. ‘గాలి తిరగలి’ అనొచ్చా? అది చేసే పనిని రుబ్బడం అనాలా, నూరడం అనాలా?

వ్యాఖ్య: రెండూ కాదండీ, విసరడం. తడిపప్పు రోట్లో రుబ్బుతాం, పచ్చడి సన్నికల్లు మీద నూరుతాం. పొడిగింజ రెండు రాళ్ళ మధ్య తిరుగుతూ పిండైతే అది విసరడమే. తెలంగాణలో తిరగలిని ఇసుర్రాయి అనేది అందుకే.

వ్యాఖ్య: ‘గాలి తిరగలి’ అన్నిటికీ నప్పదు. ఇరాన్ ఈశాన్యంలోని నష్తీఫాన్‌ మరలకైతే అతికినట్టుంటుంది. అక్కడ ఇరుసు నిలువుగా ఉంటుంది, దాని కింది కొసకే పైరాయి. పళ్ళచక్రాలు లేవు కాబట్టి రెక్కలు ఒక చుట్టు తిరిగితే రాయీ ఒక చుట్టే. రెక్కల్లో సగానికి గాలి తగలకుండా మట్టిగోడ అడ్డం ఉంటుంది. అది లేకపోతే రెండు పక్కలా తోపు సమానమై మర కదలదు. సుమారు 120 రోజుల గాలికాలమంతా ఒకే దిక్కు నుంచి వీస్తుంది గనుక గోడ కట్టేసినా చెల్లింది. హాలెండు, ఇంగ్లండు మరల్లో ఇరుసు అడ్డంగా ఉంటుంది. ఆ తిప్పుడును నిలువుకు మార్చడానికి పళ్ళచక్రాలు కావాలి, గాలి మళ్ళినప్పుడల్లా పైకప్పునో మొత్తం మరనో తిప్పాలి. వాటిని మర అనడమే న్యాయం.

ప్రశ్న: సంతోషం. మరి ‘స్టోన్ డ్రెస్సింగ్’? రాళ్ళకు అలంకారం అని రాయలేను కదా!

వ్యాఖ్య: కక్కు కొట్టడం. గంట్లు పెట్టడమన్నా అదే. ఇంట్లో తిరగలికి ఉలితో చుక్కలు చుక్కలుగా కొడితే చాలు. మర రాతికి మాత్రం నడిమి కన్ను (గింజ పడే బెజ్జం) వైపు నుంచి అంచు దాకా గాళ్ళు తీస్తారు. గాడికి ఒక పక్క నిటారు, ఇంకో పక్క ఏటవాలు. రెండు రాళ్ళకూ ఒకే తీరున కొట్టి పైదాన్ని బోర్లిస్తే, తిరిగేటప్పుడు గాళ్ళు కత్తెర వేసినట్టు ఒకదాన్నొకటి దాటి గింజను కోస్తాయి, పిండిని అంచుకు తోస్తాయి. కక్కు అరిగిందంటే గింజ తెగకుండా నలుగుతుంది, పిండి వేడెక్కి మాడు వాసన కొడుతుంది.

వ్యాఖ్య: రాళ్ళ మధ్య సందు సంగతి కూడా రాయండి. కన్ను దగ్గర ఎక్కువ, అంచున కాగితమంత. గాలి ఉరవడి పెరిగితే పైరాయి లేచి పిండి బరకవుతుంది, అప్పుడు రాయిని దించాలి. గింజ అయిపోయి రాళ్ళు వట్టిగా తిరిగితే మరీ ప్రమాదం. నిప్పురవ్వలు లేస్తాయి, చుట్టూ చూస్తే పిండి దుమ్ము, కొయ్య. అందుకే ఇంగ్లండు మరల్లో తొట్టిలో ఒక తోలుపట్టీ వేసి దానికి గంట కట్టేవారు. పైన గింజ బరువున్నంతసేపు పట్టీ బిగిసి ఉంటుంది. గింజ తగ్గగానే వదులై గంట జారి మోగుతుంది.

ప్రశ్న: అయితే ‘గంట్లు’ వాడను. ఈ గంట పక్కన అది పడితే చదివేవాళ్ళకు తికమక. ‘కక్కు’ ఖాయం.