38 ఏళ్ళకు ఫుల్ మారథాన్ అంటే అత్యాశనా? నల్లగొండ, పాలమూరు దిక్కు ఉరికేటోళ్ళు జర చెప్పుండ్రి

ఎరువుల_దుకాణం (నల్లగొండ):
అందరికి నమస్తే. నాకు 38, బరువు 86 కిలోలు, ఎరువులు పురుగుమందుల దుకాణం. బడిల ఆటల పీరియడ్ అంటే చెట్టు కింద కూసునేటోన్ని, ఇప్పుడు పొద్దందాక గల్లా కాడ కూసుంట, అంతే తేడా. మా బామ్మర్ది హైదరాబాదుల పోయిన ఆగస్టుల హాఫ్ మారథాన్ (21 కిలోమీటర్లు) ఉరికి మెడల్ ఏస్కోని ఇంటికొచ్చిండు, అందరి ముంగట నేను ఫుల్లే ఉరుకుత అన్న, ఇగ ఇంటోళ్ళు రోజూ అదే ముచ్చట. కానీ నవ్వులకు అన్నది కాదు, నిజంగనే చెయ్యాలనుంది. ఎన్జీ కాలేజ్ గ్రౌండుల ఒక రౌండ్ ఉరికేసరికే దమ్మొస్తుంది.
నా డౌట్లు: వచ్చే ఆగస్టుకు హైదరాబాద్ ఫుల్ అయితదా? మన ఎండలల్ల ప్రాక్టీస్ ఎట్ల? ఇంకోటి, నేను పుట్టింది మర్రిగూడ దిక్కు, చిన్నప్పుడు బోరు నీళ్ళే తాగినం, పండ్ల మీద గార మచ్చలున్నయి, ఫ్లోరైడుతోని బొక్కలు గుడ అట్లనే ఉంటే ఉరుకొచ్చా? మా నాయినకు 52 ఏళ్ళకు స్టెంట్ ఏసిండ్రు, అది గుడ చెప్తున్న.

గుట్టకింద_సీను:
అన్నా ఎందుకీ పరేషాని, 40 దగ్గరికొచ్చినంక ఉరికితే మోకాళ్ళు అరుగుతయి. పొద్దుగాల పానగల్ కట్ట మీద నడువు, ఇంటికొచ్చి చాయ్ తాగు.

పాత_పీఈటీ (మిర్యాలగూడ):
సీను తమ్మీ, ఈ మోకాళ్ళ ముచ్చట ఊరంత చెప్తరు. 2017ల పాత స్టడీలన్ని కలిపి లెక్కేస్తే సరదాకు ఉరికేటోళ్ళల్ల తుంటి, మోకాలు అరుగుడు 3.5 శాతం మందికి ఉంటే అసలే ఉరకనోళ్ళల్ల 10.2 శాతం మందికి ఉంది. పోటీలకు గట్టిగ ఉరికేటోళ్ళల్ల మాత్రం 13.3, అది గుడ చెప్పాలె గదా. మనం ఆ జాతి కాదు.

ఎరువుల తమ్మీ, ఒక రౌండుకే దమ్మొస్తుందంటే నువ్వు జోరుగ ఉరుకుతున్నవ్ అన్నట్టు, అంతకుమించి ఏం లేదు. పక్కన మనిషితోని మాట్లాడుకుంట పోగలగాలె, మాట తెగుతుందంటే స్పీడ్ ఎక్కువైందన్నట్టు, నడువు. రెండు నిమిషాలు ఉరుకు ఒక నిమిషం నడువు, మళ్ళ ఉరుకు. ఇది చేతగానోళ్ళ పద్ధతి అనుకోకు, 1972 ఒలింపిక్సుల 10,000 మీటర్లు ఉరికిన అమెరికా ఆయన జెఫ్ గాలోవే, కొత్తోళ్ళకు ఇట్ల నడిచి ఉరికే పద్ధతే నేర్పిండు. వారంల నాలుగు రోజులు చాలు, మూడు చిన్నయి, ఆదివారం ఒక పొడుగుది. ఆ పొడుగుదాన్ని వారానికి ఒక కిలోమీటరో రెండో పెంచు, మూడు వారాలు పెంచినంక నాలుగో వారం తగ్గియ్యి. పిక్కలు పట్టేసినయి అంటే ఫర్వాలేదు, గని ఒకే కాడ బొక్క మీద వేలు పెడితే నొప్పి లేస్తే ఆపాలె, అది మొండికి పోయేటిది కాదు.

ఫుల్ అంటే 42.195 కిలోమీటర్లు, దానికి కాళ్ళకంటె ముందు కడుపు తయారుగావాలె. ఒంట్ల దాసుకున్న గ్లైకోజెన్, అంటే కండలల్ల నిల్వ ఉండే పిండిపదార్థం, చానమందికి 30, 32 కిలోమీటర్ల కాడ అడుగంటుతది, కాళ్ళు ఇనుపగుండ్లయితయి. అందుకే గంటన్నర దాటే ఉరుకుడుకు గంటకు 30 నుంచి 60 గ్రాముల దాక పిండిపదార్థం లోపలికి పోవాలె, ఒక మోస్తరు అరటిపండుల 25 గ్రాముల దాక ఉంటది, ఖర్జూరాలు గుడ నడుస్తయి. రేస్ రోజు కొత్తగ ఏం తినొద్దు, ఆదివారాలల్లనే తినుకుంట అలవాటు చేస్కో. మీ బామ్మర్ది ఏదన్న జెల్ (ఉరికేటప్పుడు మింగే తియ్యటి పాకెట్) ఇస్తే అది గుడ ముందే ట్రై చెయ్.

పాలమూరు_అక్క:
నేను రెండు హాఫులు చేసిన, ఫుల్ ఇంకా చెయ్యలే, కాబట్టి ఎండ గురించి, తారీఖు గురించే చెప్త. ఆగస్టు వద్దు తమ్ముడూ. ఆ రేసు నెక్లెస్ రోడ్ కాడ షురువై గచ్చిబౌలి స్టేడియం దాక, నడుమ అన్ని ఫ్లైఓవర్లు, ఎక్కుడు దిగుడు, పైగ ఆగస్టు ఉక్క. దానికోసం అసలైన పొడుగు ఉరుకుళ్ళు మే, జూన్, జూలైల పడ్తయి. మేల నల్లగొండ 44 దాటుతది. జూన్ నుంచి నీ దుకాణంల వానకాలం గిరాకి, విత్తనాలు యూరియా అని రైతులు పొద్దుగాలనే లైన్ కడ్తరు, నువ్వు 4 గంటలకు లేసి 25 కిలోమీటర్లు ఉరికొచ్చి గల్లా కాడ కూసుంటవా? నాకైతే నమ్మకం లేదు. ఈ ఆగస్టుకు 10 కిలోమీటర్లకు పేరియ్యి, చలికాలం ఒక హాఫ్, పై ఏడు చలికాలం ఫుల్. బామ్మర్ది నవ్వితే నవ్వనీ.

ఎండకు ఒళ్ళు అలవాటు కానీకి పది పద్నాలుగు రోజులు పడ్తది, ఆ రోజులల్ల స్పీడ్ చూసుకోవద్దు. వాచ్ తీసి ఇంట్లనే పెట్టు. గంట దాటితే ఉత్త నీళ్ళే కడుపునిండ తాగొద్దు, చెమటల ఉప్పు పోతది, పైనుంచి నీళ్ళు మాత్రమే పోస్తే రక్తంల సోడియం పడిపోతది, అది గుడ డేంజరే. ఓఆర్ఎస్ పాకెట్ మీద ఎన్ని నీళ్ళని రాసుంటదో అన్నే పొయ్యాలె, రుచికోసమని ఎక్కువ తక్కువ చెయ్యొద్దు. తల తిరిగినా, వాంతికొచ్చినా, మాట తడబడినా ఆపేసి నీడకు పోయి నెత్తి మీద నీళ్ళు పోస్కో. ఇగ కుక్కలు: ఎంబడి పడితే ఉరకొద్దు, నిలబడి నెమ్మదిగ నడువు. ఆడోళ్ళకైతే కుక్కలకంటె చూసేటోళ్ళతోనే తిప్పలెక్కువ, నేను స్టేడియంలనే తిరుగుత, బోరే గని నిమ్మలం.

ఫిజియో_పాలమూరు:
స్టెంట్ సంగతి ఎవ్వరు పట్టించుకోలేదేంది? నాయినకు 55 లోపల గుండె జబ్బు వచ్చిందంటే కొడుకు జాగ్రత్తగ ఉండాలె. పొడుగు ఉరుకుళ్ళు మొదలుపెట్టకముందే గుండె డాక్టర్ను కలువు, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, ఈసీజీ చేపిచ్చి, ట్రెడ్‌మిల్ టెస్ట్ కావాల్నా అని ఆయన్నే అడుగు. ఉరికేటప్పుడు ఛాతి పట్టినట్టయినా, దవడకో చేతికో గుంజినా అక్కడికే ఆపి దవాఖానకు.

ఫ్లోరైడ్: పండ్ల మచ్చలు చిన్నప్పుడు పన్ను తయారయ్యేటప్పుడు పడేటియి, సుమారు 8 ఏళ్ళ లోపల తాగిన నీళ్ళతోని. నీళ్ళల్ల లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని లెక్క, అప్పట్ల మీ దిక్కు బోర్లల్ల దానికంటె మస్తు ఎక్కువ ఉండేది. మచ్చలున్నయంటే బొక్కలు పోయినట్టు కాదు. గని కిందికి వంగుతే నడుం పట్టేసినట్టు, మెడ తిరగనట్టు, పొద్దుగాల కీళ్ళు బిర్రుగ ఉంటే ఎముకల డాక్టర్‌కు చూపిచ్చి ఎక్స్‌రే తీపిచ్చుకో, మర్రిగూడ సంగతి ముందే చెప్పు. అవేం లేకుంటే ఉరుకు, ఇంటికాడ రోజూ గుంజీళ్ళు, మడిమలు లేపుడు గుడ చెయ్యి.

గుట్టకింద_సీను:
సరే నా మాట వాపస్ తీస్కుంటున్న. గని మరీ 40లల్ల కొత్తగ షురూ చేసినోళ్ళు ఎవ్వరన్న ఉన్నరా?

పాత_పీఈటీ:
40 ఏంది, పంజాబ్ నుంచి లండన్ పోయిన ఫౌజా సింగ్ 2000ల 89 ఏళ్ళకు లండన్ మారథాన్ 6 గంటల 54 నిమిషాలల్ల పూర్తి చేసిండు. 2011ల టొరంటోల నూరేళ్ళకు ఉరికిండంటరు, బర్త్ సర్టిఫికెట్ లేదని గిన్నిసోళ్ళు రాసుకోలే.

ఎరువుల_దుకాణం:
అందరికి మస్తు థ్యాంక్స్. అక్క చెప్పిన దుకాణం లెక్క నాకు తట్టనేలేదు, యూరియా లైన్ గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆగస్టుకు 10 కిలోమీటర్లే. నడుం మంచిగనే వంగుతుంది. గుండె డాక్టర్‌ది అపాయింట్‌మెంట్ తీస్కున్న. బూట్లు ఏయి కొనాలె? ఇప్పుడు తెల్ల క్యాన్వాస్ వేస్కుంటున్న.

పాత_పీఈటీ:
క్యాన్వాస్ పక్కకు పెట్టు. సాయంత్రం పో, అప్పటికి పాదం జర ఉబ్బుతది, ముంగట బొటనవేలంత జాగ ఉండేటట్టు చూడు, లేకుంటే గోర్లు నల్లబడ్తయి. ధర చూసి కాదు, షాపుల నాలుగు అడుగులు ఉరికి చూసి కొను. తొడల కాడ రాస్కుంటే వాజలైన్ పెట్టు.