పాలలో బ్రూసెల్లాను గుర్తించే పీసీఆర్ పరీక్షకు ధ్రువీకరణ

ప్రశ్న: పశువుల్లో గర్భస్రావాలు కలిగించే ఈసుడు రోగానికి (బ్రూసెల్లోసిస్) కారణమైన బ్రూసెల్లా బ్యాక్టీరియాను గేదె పాలలో గుర్తించేందుకు దాని డీఎన్ఏలోని ఐఎస్711 అనే జన్యుభాగం ఆధారంగా పీసీఆర్ పరీక్షను (డీఎన్ఏను అనేక రెట్లు పెంచి గుర్తించే పద్ధతి) రూపొందించాము. శుద్ధ డీఎన్ఏతో ఫలితాలు బాగున్నాయి. ధ్రువీకరణకు ఇది చాలునా?

జవాబు 1: చాలదండీ. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ సూచించే 4 దశలలో ఇది మొదటి దశలోని ఒక భాగం మాత్రమే. పాలలోని కొవ్వు, కాల్షియం పీసీఆర్‌ను అడ్డుకుంటాయి కనుక, రోగరహిత మందల పాలలో నిర్వీర్యం చేసిన బ్రూసెల్లాను తెలిసిన మోతాదుల్లో కలిపి, డీఎన్ఏను వేరుచేయడం మొదలుకొని మొత్తం ప్రక్రియను పరీక్షించాలి. ప్రతి నమూనాలోనూ అంతర్గత నియంత్రణ (పీసీఆర్ సరిగా పనిచేసిందని చూపే తెలిసిన డీఎన్ఏ) ఉండాలి. బ్రూసెల్లాకు దగ్గరి బంధువైన ఓక్రోబాక్ట్రమ్ బ్యాక్టీరియాను పరీక్ష పొరపాటున గుర్తించడం లేదని కూడా సరిచూడండి.

జవాబు 2: ఈసుడు రోగం టీకాలో వాడే ఎస్19 అనే బ్రూసెల్లా రకంలోనూ ఐఎస్711 ఉంటుంది కాబట్టి, టీకా వివరాలను తప్పక నమోదు చేయండి. సోకిన పశువు పాలలో బ్యాక్టీరియా అన్నివేళలా వెలువడదు. ఈ రోగం పచ్చిపాల ద్వారా మనుషులకూ సోకుతుంది కనుక, ఒక్కసారి నెగెటివ్ వచ్చిందని ఆ గేదెను రోగరహితమని ప్రకటించడం రైతు కుటుంబానికే ప్రమాదం. రక్తరస పరీక్ష (రక్తంలో ప్రతిరక్షకాలను చూసేది) కూడా జరపాలి.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలు. పాల నమూనాలతోనే మళ్లీ మొదలుపెడతాము.