పక్షవాతంతో ఆసుపత్రిలో ఉన్న నాన్నగారికి తోడుగా ఉండడం ఎలా?

ప్రశ్న: పక్షవాతం వచ్చి నాన్నగారు 40 రోజులుగా ఆసుపత్రిలోనే ఉన్నారు, కుడి చేయి కదలదు, మాట పెగలదు, ఆహారమంతా ముక్కు గొట్టం ద్వారానే వెళ్తోంది. పక్కన మౌనంగా కూర్చోవడం తప్ప నేను చేయగలిగినదేమైనా ఉందా?

జవాబు: మాట రానంత మాత్రాన ఆయనకు ఏమీ అర్థం కావడం లేదనుకోకండి. మా అమ్మను అవును, కాదు అని తేలే ప్రశ్న ఒక్కొక్కటే అడిగి, ఆమె కనురెప్ప వేసేదాకా ఆగేవాళ్లం. నిజానికి ఆ ఆగడమే మాకు కష్టమైంది.

మరో జవాబు: రెండు గంటలకోసారి ఒత్తిగిలింపజేసి, మడమల దగ్గర, నడుము కింద చర్మం ఎర్రబడిందేమో చూడండి. గొట్టంలో ఆహారం పోసేటప్పుడు, ఆ తర్వాత కొంతసేపు తలవైపు మంచం ఎత్తి ఉంచాలి. చచ్చుబడిన చేయి పట్టి లాగి లేపవద్దు, భుజం జారుతుంది. రాత్రి కాపలా మాత్రం వంతులవారీగా పంచుకోండి.

అడిగినవారు: నిన్న "పేపరు చదవమంటారా, నాన్నగారూ?" అని అడిగి ఆగాను. కాసేపటికి ఎడమచేత్తో నా వేలు నొక్కారు.