బర్మా యుద్ధం పతకాలు ఎవరివో తేలడం లేదు, డిసెంబరు 7 లోపు చీటీలు రాయాలి

గోదావరి గట్టు (ప్రశ్న):
అందరికీ నమస్కారం. పంచాయతీ ఇచ్చిన పాత గ్రంథాలయం గదిలో మా ఊరి మాజీ సైనికుల సంఘం ఒక చిన్న మ్యూజియం పెడుతోంది. సాయుధ దళాల పతాక దినమైన డిసెంబరు 7న దాన్ని తెరవాలని పెద్దలు నిశ్చయించారు. వస్తువుల పక్కన పెట్టే చీటీలు రాసే బాధ్యత నాకు అప్పగించారు. అమరులైన మా ఊరి సైనికుల్లో ఒకరి ఇంటి నుంచి అయిదు పతకాలు వచ్చాయి. ఆయన బర్మా యుద్ధానికి వెళ్ళారని ఇంటివారు చెబుతున్నారు. ఉదయం తొమ్మిదింటికి వెతకడం మొదలుపెట్టాను, ఇప్పుడు సాయంత్రం నాలుగు దాటింది. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ జాబితాలో ఆ పేరును ఎన్ని స్పెల్లింగులతో వెతికినా ఒక్క ఫలితమూ రాలేదు. ఊరందరి ముందు తప్పు చీటీ పెట్టడం నాకు ఇష్టం లేదు. పేరు ఎందుకు దొరకడం లేదో ఎవరైనా చెప్పగలరా?

పాత సుబేదార్:
పతకాల అంచు చూడండి. ఫోటో పెట్టండి. ఏ రెజిమెంటో చెప్పకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

వస్తు సంరక్షణ:
అంచు చూసే ముందు ఒక్క మాట వినండి, లేకపోతే తరువాత అందరూ బాధపడవలసి వస్తుంది. ఆ పతకాలను దయచేసి తోమవద్దు. మన ఇళ్ళలో ఇత్తడి కనబడగానే చింతపండు పెట్టి రుద్దడం అలవాటు. బజారులో దొరికే పాలిష్ ద్రవాల్లోనూ రాపిడి పొడి ఉంటుంది. రుద్దిన ప్రతిసారీ లోహం పలచని పొరగా పోతుంది, అన్నిటికంటే ముందు పోయేది అంచున చెక్కిన సన్నని అక్షరాలే. వెండి మీది నలుపు ఒక పొర మాత్రమే, దాని వల్ల పతకానికి హాని లేదు. మెత్తని పొడి నూలు గుడ్డతో దుమ్ము తుడిచి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం పక్కన పెట్టి ఉంచండి. చవక ప్లాస్టిక్ కవర్లలో పెట్టవద్దు. రిబ్బనును ఎండలో ఆరబెట్టవద్దు, రంగు వెలిసిపోతే ఏ పతకమో గుర్తుపట్టే ఆధారం ఒకటి పోతుంది.

గోదావరి గట్టు:
ఇవన్నీ తప్పక పాటిస్తానండీ, కానీ నా ప్రశ్న పేరు గురించి. పతకాలను ఇంటివారే ఏనాడో ఒక అట్ట మీద వరుసగా కుట్టి ఉంచారు, అందుకే అంచు సరిగ్గా కనిపించదు. రెండు ఆరు మొనల నక్షత్రాలు. ఒకదాని మీద సింహం. ఒకదాని మీద భారతదేశ పటం. ఇంకొకటి బాగా నల్లబడింది, దాని మీద గుర్రంపై ఒక మనిషి బొమ్మ లీలగా తెలుస్తోంది.

తెలుగు పదం:
మీరు రాసిన "అమరులైన" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆయన యుద్ధంలోనే ప్రాణం విడిచారా, లేక తిరిగి వచ్చి తరువాత కాలం చేశారా? రెండోదే అయితే "కీర్తిశేషులు" అనాలి గానీ "అమరులు" అనకూడదు. మ్యూజియం చీటీ మీద ఈ తేడా చాలా ముఖ్యం.

జిల్లా కేంద్రం నుంచి:
పల్లెల్లో సైన్యంలో పనిచేసి పోయిన ప్రతివారినీ గౌరవంతో అమరుడనే అంటారు. దాన్ని తప్పు పట్టడం భావ్యం కాదు.

తెలుగు పదం:
నేను గౌరవాన్ని తప్పు పట్టలేదు. హిందీ "షహీద్" వంటి మాటలు సైన్యపు అధికారిక పరిభాషలో లేవని కేంద్ర ప్రభుత్వమే స్పష్టం చేసింది, అక్కడ యుద్ధ మరణాన్ని వేరే మాటలతో నమోదు చేస్తారు. మన గోడ మీద రాసే మాటకు కూడా ఒక ఖచ్చితమైన అర్థం ఉండాలి.

జిల్లా కేంద్రం నుంచి:
గోడ మీద రాసేది ఊరి వాళ్ళు చదువుకోవడానికి. ఊరి మాటలోనే రాయాలి.

రిబ్బను పెట్టె:
గోదావరి గట్టు గారూ, పై ఇద్దరి వాదనలోనే మీ సమాధానం దాగి ఉంది. మీ సైనికుడు తిరిగి వచ్చారా? వచ్చి ఉంటే ఆ జాబితాలో ఎంత వెతికినా కనిపించరు. ఆ సంస్థ లెక్కలో ఉండేది సేవలో చనిపోయినవారే. మొదటి ప్రపంచ యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, బర్మా పోరు జరిగిన రెండో ప్రపంచ యుద్ధానికి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు వారు గడువు పెట్టుకున్నారు.

ఇక పతకాల సంగతి. ఒక నక్షత్రం రిబ్బనుకు మధ్య వెడల్పాటి ఎరుపు, రెండు వైపులా ముదురు నీలం, ఆ నీలంలో నారింజ చార ఉంటే అది బర్మా స్టార్. ముదురు నీలం, ఎరుపు, లేత నీలం సమానంగా ఉంటే 1939–45 స్టార్. సింహం ఉన్నది 1939–45 యుద్ధ పతకం. భారత పటం ఉన్నది ఇండియా సర్వీస్ మెడల్, దాన్ని దేశంలో మూడేళ్ళు సేవ చేసినవారికి ఇచ్చారు. ఈ నాలుగూ ఒకే మనిషివి కావడంలో వింత ఏమీ లేదు. కానీ గుర్రం ఉన్న వెండి పతకం వీటితో కలవదు. దాని మీద, నలుపు కింద, 1914, 1918 అన్న అంకెలు ఉంటాయి. అది మొదటి ప్రపంచ యుద్ధానిది. మీ దగ్గర ఉన్నవి ఇద్దరు మనుషుల పతకాలు.

గోదావరి గట్టు:
అయ్యా, ఇది చదివి కాసేపు కదలలేకపోయాను. బర్మాకు వెళ్ళినాయన క్షేమంగా తిరిగి వచ్చి, వ్యవసాయం చేసుకుని, మా చిన్నప్పుడు పోయారు. అది అందరికీ తెలిసిందే కదా అని రాయలేదు, క్షమించండి. ఇంకొక సంగతి కూడా ఉంది. ఆ ఇంటి పెద్దావిడ ఈయన తండ్రి, అంటే తన మామగారి తండ్రి, "బస్రా పోయి వచ్చినవాడు" అని చెప్పారు. నేను దాన్ని బాసర అనుకుని, సరస్వతీ దర్శనానికి వెళ్ళారని నోటు పుస్తకంలో రాసుకున్నాను.

పాత సుబేదార్:
ఇరాక్‌లో బస్రా. అప్పట్లో మెసొపొటేమియా. అంచు చూడండి.

రిబ్బను పెట్టె:
అట్ట దారం కోసేటప్పుడు ఏ పతకం ఏ వరుసలో ఉందో ముందు ఫోటో తీయండి. ఆ వరుస కూడా ఒక సాక్ష్యమే. తరువాత సిగరెట్టు పెట్టెలో ఉండే పల్చని కాగితం వంటిది వెండి పతకం అంచు చుట్టూ బిగించి, మెత్తని పెన్సిలును పక్కకు వాల్చి నెమ్మదిగా రుద్దండి. కంటికి కనిపించని అక్షరాలు కాగితం మీద తెల్లగా తేలతాయి. మొదటి యుద్ధపు వెండి పతకానికి సాధారణంగా అంచున నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి.

గోదావరి గట్టు:
గంట పట్టింది. నంబరులో మూడు అంకెలు, తరువాత "సాపర్", పేరులో మొదటి రెండు అక్షరాలు, చివర "2 క్యూ.వి.ఓ. ఎస్. అండ్ ఎం." అని ఉంది. పేరు మధ్యభాగం పూర్తిగా అరిగిపోయింది. ప్రతి సంక్రాంతికీ చింతపండుతో తోమేవాళ్ళమని పెద్దావిడ చెప్పారు.

వస్తు సంరక్షణ:
నేను మొదట చెప్పింది ఇందుకే. ఇకనైనా మ్యూజియం గదిలో ఆ పని జరగకుండా చూడండి.

రిబ్బను పెట్టె:
సాపర్ అంటే సైన్యపు ఇంజనీరింగ్ దళంలో సిపాయి. దళం సెకండ్ క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్. మద్రాస్ సాపర్లకు అప్పట్లో ఉన్న పేరు అదే, నేటి బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్. మొదటి యుద్ధంలో వారి కంపెనీలు మెసొపొటేమియాలో పనిచేశాయి కాబట్టి పెద్దావిడ చెప్పిన బస్రా సరిగ్గా సరిపోతుంది. బర్మాకు వెళ్ళిన కొడుకు కూడా అదే దళంలో చేరారేమో సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే డిశ్చార్జి పుస్తకం ఇంట్లో ఉంటే అందులో చూడండి. పుస్తకం పోయి ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. పింఛను లేని రెండో యుద్ధపు సైనికుల భార్యలు ప్రభుత్వ సాయానికి దరఖాస్తు పెట్టుకుని ఉంటే ఆ కాగితాల్లో ఆయన నంబరు, దళం ఉంటాయి. ఆ దళపు రికార్డ్స్ కార్యాలయానికి ఉత్తరం రాయాలంటే మ్యూజియం పేరు మీద కాకుండా వారసుల సంతకంతో రాయించండి.

జిల్లా కేంద్రం నుంచి:
ఇంకొకటి. ఇప్పటికైనా ఆ ఇంటివారికి రసీదు ఇవ్వండి. ఇచ్చింది శాశ్వతంగానా, కొన్నాళ్ళకు అరువుగానా అన్నది రెండు వైపులా సంతకాలతో ఉండాలి. మ్యూజియానికి మనం చేసే సాయమంటే చందా ఒక్కటే కాదు. నమ్మి వస్తువు ఇచ్చిన ఇంటికి, మనవడు వచ్చి అడిగినా చూపించగల కాగితం ఉండాలి. ప్రతి వస్తువుకూ ఒక వరుస సంఖ్య వేసి, చిన్న అట్టముక్క మీద పెన్సిలుతో రాసి, నూలు దారంతో కట్టండి. వస్తువు మీద అంటించవద్దు.

తెలుగు పదం:
చీటీ మీద తండ్రికీ కొడుక్కీ ఏ మాట వాడతారు? ఇద్దరూ తిరిగి వచ్చినవారే కదా.

జిల్లా కేంద్రం నుంచి:
"మా ఊరి సైనికులు" అంటే చాలదా?

తెలుగు పదం:
చాలదని నా అభిప్రాయం. "మాజీ" అన్న మాట లేకపోతే ఇప్పుడు సేవలో ఉన్నవారితో కలిసిపోతుంది.

గోదావరి గట్టు:
అందరికీ ధన్యవాదాలు. డిశ్చార్జి పుస్తకం కోసం రేపు పొద్దున ఆ ఇంటి అటక దింపిస్తామన్నారు, వెళ్తున్నాను.

కొత్త సభ్యుడు:
మా ఊళ్ళోనూ ఇలాంటి గది ఒకటి మొదలుపెడుతున్నాము. రసీదు నమూనా, వస్తువుల నమోదు పుస్తకం నమూనా తెలుగులో ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టగలరా?