రైవల్ అన్న మాటకీ నీళ్ళకీ ఏంటి సంబంధం?

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లె. మావాడు 'రైవల్ అంటే ఏంటి నాన్నా' అనడిగితే ప్రత్యర్థి అన్నాను. 'రివర్‌లోంచి పుట్టిందని మాస్టారు చెప్పారు' అంటాడు. నిజమేనా?

జవాబు 1: దగ్గరికొచ్చారు. లాటిన్‌లో రీవుస్ అంటే వాగు, మన గెడ్డ అనుకోండి. ఒకే గెడ్డ నీళ్ళు వాడుకునేవాడు రీవాలిస్, రైవల్ అందులోంచే వచ్చింది. రివర్ వేరు, అది గట్టు అనే అర్థమున్న రీపాలోంచి వచ్చింది.

జవాబు 2: నాకు డిక్షనరీ అక్కర్లేదండీ. మా మడికీ పెదనాన్న మడికీ ఒకటే కాలువ. వంతు మాదైనా అర్ధరాత్రి మడవ అటు తిరిగిపోయేది. నాన్న లాంతరు పట్టుకెళ్తే గట్టు మీద తడి అడుగులు. పొద్దున్నే అదే పెదనాన్న మా అరుగు మీద టీ తాగేవాడు! వంశధార మీద మనకీ ఒడిశాకీ 2010లో ట్రిబ్యునల్ వేశారు కదా, అదీ ఇదే తగువు.

అడిగినాయన: రేపు మావాడికి మడవ చూపించి చెప్తాను.