టెన్స్ యంత్రం పెట్టుకొని వ్యాయామం చేయడం: మీ అనుభవాలు చెప్పండి

నడుంకట్టు:
అందరికీ నమస్కారం. నాకు నడుం నొప్పి మొదలై ఆరేళ్లు దాటింది. వ్యాయామం మానితే నొప్పి మరింత ముదురుతుందని ఫిజియోథెరపిస్టు చెప్పారు, అది నిజమేనని నా ఒంటికీ తెలుసు. అయితే నడక మొదలుపెట్టిన పది నిమిషాలకే నొప్పి లేచి, తిరిగి ఇల్లు చేరడమే పెద్ద పని అవుతోంది. రెండు నెలల క్రితం చర్మానికి అంటించిన ప్యాడ్ల ద్వారా స్వల్పంగా కరెంటు పంపి నొప్పి తగ్గించే టెన్స్ యంత్రం కొని, రోజూ రాత్రి పడుకొని అరగంట పెట్టుకుంటున్నాను. పెట్టుకున్నంతసేపు హాయిగానే ఉంటుంది, తీసిన కాసేపటికి మళ్లీ మామూలే. దాన్ని నడిచేటప్పుడే పెట్టుకోవచ్చునని ఈ మధ్య ఎవరో అన్నారు. అలా వాడినవారు ఉంటే ప్యాడ్లు ఎక్కడ అంటించారో, తీవ్రత ఎంత పెట్టారో, ఏ వ్యాయామానికి పనికివచ్చిందో దయచేసి తెలుపగలరు.

అరిగిన మోకాలు:
నడుంకట్టు గారూ, నేనూ మీలాగే మొదట కూర్చొని పెట్టుకునేదాన్ని. నాకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, కానీ కూర్చున్నప్పుడు వాటిలో పెద్దగా నొప్పి ఉండదు. లేచేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు ఉంటుంది. లేని నొప్పికి మందు వేసుకుంటూ యంత్రం పనిచేయడం లేదని ఏడాదిపాటు తిట్టుకున్నాను. ఇప్పుడు మోకాలి చిప్ప మీద కాకుండా, దానికి పైన రెండు, కింద రెండు ప్యాడ్లు అంటించి, కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం, మెట్ల సాధన యంత్రం నడుస్తుండగానే చేస్తాను. చిప్ప మీద అంటిస్తే కాలు మడిచినప్పుడల్లా ప్యాడు అంచులు లేచిపోయి సూదులతో గుచ్చినట్టు ఉంటుంది.

తీవ్రత విషయంలో ఒక మాట. కూర్చొని సరిచూసుకున్న తీవ్రత నిలబడితే సరిపోదు, ఒక్కోసారి ఎక్కువైపోతుంది కూడా. కాబట్టి వ్యాయామం చేసే భంగిమలోనే నిలబడి అంకె పెంచుకోండి. జివ్వుమనే స్పర్శ బలంగా తెలియాలి, కండరం మాత్రం ఎగరకూడదు, బాధ అనిపించకూడదు. ఐదారు నిమిషాల తరువాత శరీరం దానికి అలవాటుపడి స్పర్శ తగ్గినట్టు అనిపిస్తుంది, అప్పుడు మరో మెట్టు పెంచుకోవాలి. నేను చాలాకాలం పెంచకుండా వదిలేశాను.

కదలిక వైద్యం:
నేను వృత్తిరీత్యా ఫిజియోథెరపిస్టును. పై సోదరి స్వానుభవంతో చెప్పిన రెండు విషయాలనూ, అంటే కదలికలో వాడటం, తీవ్రత పెంచడం, పరిశోధనలు కూడా సమర్థిస్తున్నాయి. దెబ్బ తగిలిన చోటును మనం అప్రయత్నంగా చేత్తో రుద్దుకుంటాం కదా, దానికి శాస్త్రీయమైన వివరణను 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ద్వార నియంత్రణ సిద్ధాంతంగా ప్రతిపాదించారు. స్పర్శను మోసే లావుపాటి నరపు తంతువులు ఉత్తేజితమైనప్పుడు, సన్నని తంతువుల ద్వారా వచ్చే నొప్పి సంకేతాలకు వెన్నుపాములోనే కొంత అడ్డు ఏర్పడుతుందని దాని సారాంశం. టెన్స్ ఈ ఆలోచన మీదనే పుట్టింది. తరువాతి పరిశోధనల్లో, శరీరం తనంతట తాను తయారుచేసుకునే నొప్పినివారక రసాయనాలకూ ఇందులో పాత్ర ఉందని తేలింది. 10 హెర్ట్జ్‌లోపు వేగం, అంటే సెకనుకు పది కరెంటు తరంగాల లోపు, ఒక రకం ఓపియాయిడ్ గ్రాహకాల (ఆ రసాయనాలు నాడీకణాలపై అంటుకునే చోట్ల) ద్వారా, 50 నుంచి 100 హెర్ట్జ్ వేగం మరో రకం గ్రాహకాల ద్వారా పనిచేస్తాయి. మార్ఫిన్ తరహా మందులు పనిచేసేదీ ఆ మొదటి రకం గ్రాహకాల మీదే, వాటిని చాలాకాలంగా వాడేవారికి తక్కువ వేగపు అమరిక అంతగా పనిచేయకపోవడానికి కారణం ఇదే.

ఒళ్లంతా నొప్పులు, అలసట ఉండే ఫైబ్రోమయాల్జియా అనే వ్యాధి ఉన్న 301 మంది మహిళలపై అమెరికాలో జరిపిన ఒక పరిశీలన 2020లో వెలువడింది. వారిలో కొందరికి నిజమైన టెన్స్, కొందరికి పనిచేయని నకిలీ యంత్రం ఇచ్చి, మిగిలినవారికి ఏదీ ఇవ్వలేదు. యంత్రం ఇచ్చినవారిని నాలుగు వారాలపాటు రోజుకు రెండు గంటలు, పనులు చేసుకుంటూ వాడమన్నారు. నిజమైన యంత్రం వాడినవారికి కదిలేటప్పటి నొప్పి, అలసట మిగతా రెండు జట్లకంటే ఎక్కువగా తగ్గాయి. ఆ యంత్రంలో వేగం 2 నుంచి 125 హెర్ట్జ్ మధ్య మారుతూ ఉండేది. ఒకే వేగం, ఒకే తీవ్రతతో రోజూ వాడితే నాలుగైదు రోజుల్లోనే శరీరం అలవాటుపడి ఫలితం తగ్గవచ్చు కనుక, నా దగ్గరికి వచ్చేవారికీ మారుతూ ఉండే అమరికనే సూచిస్తాను.

ఒప్పుకోనివాడు:
ఇంత ఉత్సాహం అవసరమా అని నా సందేహం. బ్రిటన్‌లోని చికిత్సలపై సలహాలిచ్చే నైస్ సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో నడుం నొప్పికి టెన్స్ ఇవ్వవద్దని స్పష్టంగా చెప్పింది, 2021లో స్పష్టమైన కారణం తెలియని దీర్ఘకాలిక నొప్పుల విషయంలోనూ అదే మాట అంది. మోకాళ్ల అరుగుదల మీద వచ్చిన పరిశోధనలను కలిపి బేరీజు వేసిన 2009 నాటి కాక్రేన్ సమీక్ష కూడా దీని ప్రయోజనాన్ని నిర్ధారించలేకపోయింది. నేను మెడనొప్పికి మూడు నెలలు నియమం తప్పకుండా వాడాను, చిమచిమలు తప్ప మరేమీ మిగలలేదు.

కదలిక వైద్యం:
మీరు చెప్పినవి వాస్తవాలే, వాటిని దాచిపెట్టి ఎవరికీ యంత్రం కొనిపించకూడదు. నేను గుర్తుచేసేది ఒక్కటే. పాత పరిశీలనల్లో చాలావాటిలో తీవ్రత తక్కువగా ఉంచారు, నొప్పిని విశ్రాంతిలో ఉన్నప్పుడు కొలిచారు. అలాగని 2020 నాటి ఫలితం అందరి నడుములకూ, మోకాళ్లకూ వర్తిస్తుందని నేను అనను. అది ఒక వ్యాధి ఉన్న మహిళల మీద మాత్రమే జరిగింది. మీరు వాడినప్పుడు మెడ కదిలిస్తూ వాడారా?

ఒప్పుకోనివాడు:
లేదు, పడుకొనే వాడాను. సరే, ఆ అంశం వరకు వెనక్కి తగ్గుతున్నాను.

మబ్బుపట్టిన రోజు:
నాకు ఉన్నది ఫైబ్రోమయాల్జియాయే. యంత్రం పనిచేయకపోవడం కంటే మరీ బాగా పనిచేయడమే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. మొదటిసారి పెట్టుకొని నడిచిన రోజు ఎన్నేళ్లకో ఒళ్లు తేలికైనట్టు అనిపించి, మామూలుగా పావుగంట నడిచేదాన్ని గంటసేపు నడిచాను. తరువాతి మూడు రోజులు మంచం దిగలేదు. నొప్పి కనబడకుండా పోయింది గానీ కండరాల శక్తి పెరగలేదన్న సంగతి నాకు అప్పుడు బోధపడింది. అప్పటినుంచి ఒక కట్టుబాటు పెట్టుకున్నాను: మొదటి వారం, యంత్రం లేకుండా ఎంత చేయగలనో యంత్రంతోనూ అంతే చేశాను, మరునాడు ఉదయం ఒళ్లు ఎలా ఉందో చూసుకొని మాత్రమే రెండు మూడు నిమిషాలు కలిపాను. కొత్తగా వచ్చిన వాపుకో, మెలిక పడిన కాలికో యంత్రం పెట్టి వ్యాయామం కొనసాగించడం మాత్రం ఎన్నడూ చేయకండి, ఆ నొప్పి చెప్పేది వినాలి.

చెమట బాధితుడు:
చెమట గురించి ఎవరూ చెప్పలేదేమిటి? ప్యాడ్లు ఊడిపోయేది వ్యాయామంలోనే. అంటించే ముందు చర్మాన్ని సబ్బుతో కడిగి పూర్తిగా ఆరబెట్టుకోవాలి, నూనె గానీ క్రీము గానీ రాసి ఉండకూడదు. ప్యాడు సగం ఊడితే కరెంటు మిగిలిన సగం నుంచే వెళ్లి చురుక్కుమంటుంది, అందుకని యంత్రాన్ని ఆపిన తరువాతే సరిచేసుకోవాలి. పైన సాగే పట్టీ కట్టుకుంటే చాలావరకు కదలవు. వైర్లను బట్టల లోపలినుంచి తీసుకోండి. ట్రెడ్‌మిల్ పిడికి నా వైరు ఒకసారి తగులుకుంది, పడకపోవడం అదృష్టం. అంటించిన చోట ఎర్రగా దద్దు వస్తే చోటు మార్చి, తగ్గేదాకా ఆగండి. ఈతకు, స్నానానికి ఇది అసలే పనికిరాదు.

పెద్దకొడుకు:
మా నాన్నగారికి పేస్‌మేకర్ ఉంది. పొరుగువారు ఆప్యాయంగా తమ యంత్రం ఇస్తే, అడగకుండా పెట్టబోయి చివరి నిమిషంలో ఆగాం. హృద్రోగ వైద్యులు వద్దని ఖచ్చితంగా చెప్పారు. దీన్ని చదివేవారిలో పేస్‌మేకర్ వంటి పరికరం ఉన్నవారు, మూర్ఛవ్యాధి ఉన్నవారు, గర్భిణులు వైద్యుణ్ణి అడగకుండా ముట్టుకోవద్దని మనవి.

కదలిక వైద్యం:
చాలా అవసరమైన మాట చెప్పారు. గొంతు ముందుభాగం మీద, ఛాతీకి అడ్డంగా, తల మీద, గాయమైన చర్మం మీద, స్పర్శ తెలియని చోట కూడా ప్యాడ్లు పెట్టకూడదు. మధుమేహం వల్ల పాదాలు మొద్దుబారినవారు ముందుగా అక్కడ స్పర్శ సరిగా తెలుస్తోందో లేదో చూసుకోవాలి. వాహనం నడిపేటప్పుడు వాడకూడదు. మరొకటి, చాలామందికి వింతగా అనిపించేది: 200 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నవారిలో టెన్స్ ప్రభావం తగ్గినట్టు 1995లో ఒక చిన్న ప్రయోగంలో కనిపించింది. నడకకు ముందు గట్టి కాఫీ రెండు కప్పులు తాగేవారు ఒక వారం మాని చూడవచ్చు, పోయేదేమీ లేదు.

నడుంకట్టు:
ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించాలి, మూడు వారాలు వాడి చూశాకే రాయాలనుకున్నాను. వెన్నెముక మీద కాకుండా దానికి రెండు పక్కలా రెండేసి ప్యాడ్లు అంటించి, వేగం మారే అమరికలో, నిలబడి తీవ్రత పెంచుకొని నడుస్తున్నాను. మబ్బుపట్టిన రోజు గారి కట్టుబాటు ప్రకారం మొదటి వారం పది నిమిషాలు దాటలేదు, అది నాకు అన్నిటికంటే కష్టమైంది. ఇప్పుడు పద్దెనిమిది నిమిషాలు నడుస్తున్నాను, నొప్పి పదికి ఏడు నుంచి నాలుగుకు దిగింది. కూర్చున్నప్పటి నొప్పిలో ఏ మార్పూ లేదు. కాఫీ మానడం నావల్ల కాలేదు, నడక తరువాతకు మార్చాను. నిన్న పరీక్షగా యంత్రం లేకుండా బయలుదేరాను. నొప్పి లేచింది గానీ, పదో నిమిషంలో కాదు, పద్నాలుగో నిమిషంలో.